హఠాత్తుగా టైమింగ్ తప్పిన ఇంజను: కారణం వెదికే తీరు

(మన సంఘ సభ్యుల, కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో సాధారణంగా కరువు భత్యం బకాయిల గురించీ, కమ్యుటేషన్ గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ మాట్లాడుకొంటాము. ఈసారి కార్యదర్శిగారు "పిల్లలు కూడా వస్తున్నారు, మీ వృత్తికి సంబంధించిన విషయం ఏదైనా చెప్పండి" అని కోరారు. నేను ముప్పయి ఏళ్ళకు పైగా ప్రభుత్వ మోటారు వర్క్‌షాపులో పనిచేసిన మనిషిని. పెట్రోలు జీపులు, అంబాసిడర్ కార్లు నా చేతుల మీదుగా వెళ్ళాయి. 1-3-4-2 అనే ఫైరింగ్ ఆర్డరు నాకు నిద్రలో కూడా నోటికి వస్తుంది. అందుచేత ఇంజను టైమింగ్ గురించే చెబుతాను. చక్కగా నడుస్తున్న ఇంజనుకు ఉన్నట్టుండి టైమింగ్ తప్పితే కారణం ఎలా వెదకాలి అన్నది నా విషయం. ఉదాహరణ మాత్రం జీపుది కాదు, పందెపు మోటారు సైకిలుది.

పందెపు బండి ఎందుకంటే, మన పిల్లల లోకం అలా మారింది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి మాదాపూర్ చుట్టూ బండరాళ్ళు, తుప్పలు, మధ్యన దుర్గం చెరువు. 2003లో సైబరాబాద్ పేరున పోలీసు కమిషనరేట్ ఏర్పడింది. 2019లో మెట్రో రైలు మొదట హైటెక్ సిటీకీ, ఆ ఏడే రాయదుర్గానికీ చేరింది. 2020లో చెరువు మీద తీగల వంతెన వచ్చింది. ఆ అద్దాల మేడలలో వారమంతా కంప్యూటరు ముందు కూర్చొనే కుర్రవాళ్ళలో కొందరు శని, ఆదివారాలు వచ్చేసరికి చేతులకు గ్రీజు పూసుకొని పాత టూ స్ట్రోక్ బండ్లు విప్పుతున్నారు. మన కాలపు రాజ్‌దూత్ 350, ఎజ్డీ, 1985 నుంచి 1996 వరకు తయారైన ఆర్.ఎక్స్. 100 ఇప్పుడు వారికి అపురూప వస్తువులు. మనం తుక్కు కింద అమ్మినవాటిని వాళ్ళు వెదికి కొంటున్నారు.

ఆ బండ్లతో కొందరు డ్రాగ్ రేసులకు వెళుతున్నారు. డ్రాగ్ రేసు అంటే మలుపులు లేని పందెం. నిలబడిన చోటు నుంచి తిన్నని దారిలో గీత దాకా ఎవరు ముందు చేరితే వారే విజేత. అమెరికాలో మొదటి నుంచీ పేరుపడిన దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. అక్కడ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ ఏర్పడి, వీధులలో సాగే పందేలను కట్టుదిట్టమైన ట్రాకుల మీదకు మళ్ళించింది. మనకు దగ్గరలో చెన్నై శివార్ల ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి పందెపు ట్రాకు ఉంది. మోటారు సైకిళ్ళ జాతీయ డ్రాగ్ పోటీలు అక్కడ జరిగాయి.

ఇక టైమింగ్ అంటే ఏమిటో, మోటారు విద్య తెలియని వారి కోసం రెండు మాటలు. మధ్యాహ్నం పన్నెండింటికి వడ్డన కావాలంటే పదకొండున్నరకే ఎసరు పెట్టాలి. పన్నెండింటికి పొయ్యి వెలిగిస్తే పంక్తిలో కూర్చున్నవారు ఖాళీ విస్తళ్ళు చూడవలసిందే. పదింటికే వండితే అన్నం మెతకబారి చెడుతుంది. ఇంజనులో పెట్రోలు మిశ్రమం అంటుకొని పూర్తిగా కాలడానికి కొంత వ్యవధి కావాలి. అందుచేత పిస్టన్ పూర్తిగా పైకి చేరక ముందే ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. పిస్టన్ పైకొన దాటి కిందికి దిగనారంభించే వేళకు మంట బలం పుంజుకొని దానిని తోయాలి. పైకొనకు ఎన్ని డిగ్రీల ముందు రవ్వ పడుతుందో అదే ఇగ్నిషన్ టైమింగ్.

ఇంజను వేగం పెరిగినకొద్దీ ఈ లెక్క మరింత సున్నితమవుతుంది. నిమిషానికి 900 చుట్లు తిరిగేటప్పుడు క్రాంక్ షాఫ్టు సెకనులో వెయ్యో వంతు కాలానికి 5.4 డిగ్రీలు తిరుగుతుంది. 6,000 చుట్ల దగ్గర అదే వ్యవధిలో 36 డిగ్రీలు, 9,000 చుట్ల దగ్గర 54 డిగ్రీలు తిరుగుతుంది. కాబట్టి నిదానంగా తిరిగేటప్పుడు పట్టించుకోనక్కరలేని తేడా పందెపు వేగంలో ఇంజను ప్రాణం తీస్తుంది.

రవ్వ ఆలస్యమైతే లాగుడు తగ్గుతుంది, సైలెన్సరులో టపటపమని పేలుతుంది, ఎగ్జాస్ట్ పైపు ఎర్రబడేంత వేడెక్కుతుంది. అది నష్టమే కాని, ఇంజను మనకు ముందుగా చెప్పే నష్టం. రవ్వ మరీ తొందరపడితే అపాయం. పైకి వస్తున్న పిస్టన్‌ను మంట ఎదురు తోస్తుంది. కిక్కు కొట్టిన కాలిని ఎదురు తంతుంది, చీలమండ విరిగిన వారున్నారు. వెనుకటి కార్లకు ముందు హ్యాండిల్ పెట్టి తిప్పే రోజులలో ఇదే ఎదురు దెబ్బకు చేతులు విరిగేవి. 1912లో కాడిలాక్ కారుకు బ్యాటరీతో తిరిగే సెల్ఫ్ స్టార్టర్ వచ్చిన తరువాతనే ఆ బెడద తగ్గుముఖం పట్టింది. ఇక ఇంజను పూర్తి బలంతో నడిచేటప్పుడు రవ్వ తొందరపడితే లోపల మంట మంటగా ఉండక పేలుడు అవుతుంది. పిస్టన్ తలకు బెజ్జం పడవచ్చు. పిస్టన్ బిగుసుకుంటే వెనుక చక్రం పట్టేస్తుంది. మనిషి ఎగిరి పడతాడు.

ఇప్పుడు ఉదాహరణకు వస్తాను. ఆ మధ్య నా పాత మిత్రులొకరు ఫోను చేశారు. ఇద్దరం ఒకే సెక్షనులో పనిచేసిన వాళ్ళం. "గురువుగారూ, మనవాడు ఆ పందెపు బండి కోసం రాత్రిళ్ళు నిద్ర పోవడం లేదు. నేను వద్దంటే వినడు, నాతో మాటలు కూడా తగ్గించాడు. మీరొకసారి వచ్చి చూడండి. బాగు చేస్తారో, మానిపిస్తారో మీ ఇష్టం" అన్నారు. మనుమడు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. బుద్ధిమంతుడు. వీధి పందేల జోలికి పోని పిల్లవాడు.

బండి పాత 100 సి.సి. టూ స్ట్రోక్. పందెం కోసం ఇంజనులో చాలా మార్పులు చేయించాడు. పాత సి.డి.ఐ. యూనిట్ తీసి, ల్యాప్‌టాప్‌తో టైమింగ్ మార్చుకోగల కొత్త యూనిట్ పెట్టాడు. ట్రాకు మీద అభ్యాసం చేసేటప్పుడు రెండుసార్లు బాణంలా దూసుకుపోయిన బండి మూడోసారి క్లచ్ వదలగానే ఒక్క కుదుపు కుదిపి, గరగరమంటూ లాగడం మానేసింది. అప్పటి నుంచి కిక్కు కొడితే ఎదురు తన్నుతోంది. ఎలాగో స్టార్టయినా, యాక్సిలరేటరు తిప్పితే లోపల గులకరాళ్ళు గిలకొట్టినట్టు చప్పుడు. మరో రెండు వారాలలో పోటీ.

అతడు చేయగలిగినవన్నీ చేశాడు. కొత్త ప్లగ్గు వేశాడు, కాయిల్ మార్చాడు, పెట్రోలు పారబోసి కొత్తది పోశాడు, కార్బురేటర్ జెట్లు మార్చాడు, చివరికి మరొక సి.డి.ఐ. యూనిట్ కూడా తెచ్చి పెట్టాడు. ఫలితం లేదు. టైమింగ్ లైటు వేసి చూపించాడు. లైటు మెరుపులో మాగ్నెట్ మీది గీత సరిగ్గా ఇంజను కేసు మీది గీతకు ఎదురుగా స్థిరంగా నిలబడింది. ల్యాప్‌టాప్‌లో వేగానికి తగ్గ డిగ్రీలు అనుకున్నట్టే ఉన్నాయి. "తాతగారూ, రెండు విధాలుగా చూశాను. టైమింగ్ పక్కాగా ఉంది. లోపం వేరే చోట ఉంది. దొరకకపోతే ల్యాప్‌టాప్‌లో ఒక ఎనిమిది డిగ్రీలు తగ్గించి నడిపేస్తాను" అన్నాడు.

ఇక్కడే ఈ ప్రసంగంలోని ముఖ్య విషయం ఉంది. నేనతణ్ణి ఒక్క ప్రశ్న అడిగాను. "బాబూ, ఆ గీత ఎక్కడుంది?" "మాగ్నెట్ మీద." "రవ్వ వేయమని యూనిట్‌కు చెప్పే మొట్టు ఎక్కడుంది?" "అదీ మాగ్నెట్ మీదే." "మరి పిస్టన్?" అతడు కాసేపు మాట్లాడలేదు.

సంగతి ఏమిటంటే, మాగ్నెట్ అని మెకానిక్కులు పిలిచే ఆ ఫ్లైవీల్ క్రాంక్ షాఫ్టు కొనకు బిగించి ఉంటుంది. దాని అంచు మీది మొట్టు పల్సర్ కాయిల్‌ను దాటినప్పుడల్లా యూనిట్‌కు కబురు అందుతుంది. టైమింగ్ చూసే గీత కూడా ఆ చక్రం మీదే చెక్కి ఉంటుంది. ఆ చక్రం షాఫ్టు మీద కొద్దిగా జరిగిందనుకోండి. గీతా జరుగుతుంది, మొట్టూ జరుగుతుంది, రెండూ కలిసి ఒకే కొలతలో జరుగుతాయి. వాటి మధ్య దూరం మారదు కనుక టైమింగ్ లైటు అంతా సవ్యంగా ఉందనే చూపిస్తుంది. ల్యాప్‌టాప్‌కు అందే కబురూ ఆ మొట్టు దగ్గరిదే కనుక అదీ సవ్యమనే అంటుంది. పిస్టన్‌ను మాత్రం ఎవరూ అడగలేదు. పది మంది సాక్షులు ఒకే మాట చెప్పినా, ఆ పది మందీ ఒకరి దగ్గరే విని వచ్చినవారైతే అది ఒక్క సాక్ష్యం కిందే లెక్క.

మనకు ఇది బాగా తెలిసిన సంగతే. మన ఫైలులో సర్వీసు రిజిస్టరు ఉంటుంది, పెన్షను ఉత్తర్వు ఉంటుంది, బ్యాంకు ఖాతా ఉంటుంది. అయినా ఏడాదికొకసారి మనిషి బతికే ఉన్నట్టు చూపమంటారు. ఎందుకు? ఆ కాగితాలన్నీ ఒకదాన్ని చూసి మరొకటి రాసినవి. మనిషిని చూసి రాసినది లైఫ్ సర్టిఫికెట్ ఒక్కటే. ఇంజనులో కూడా అంతే. పిస్టన్ ఎక్కడుందో తెలియాలంటే పిస్టన్‌నే పట్టుకొని చూడాలి.

ప్లగ్గు విప్పించాను. దాని కొన మీద సన్నని వెండి రజనులాంటి చుక్కలు కనిపించాయి. అవి పిస్టన్ నుంచి కరిగి వచ్చిన అల్యూమినియం. రవ్వ తొందరపడుతోందని అప్పుడే అర్థమైంది. ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజ్ బిగించి, మాగ్నెట్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పాం. పిల్లలు గుర్తు పెట్టుకోవలసిన చిన్న కిటుకు ఒకటుంది. పిస్టన్ పైకొన దగ్గర కొన్ని డిగ్రీల పాటు కదలనట్టే ఉంటుంది. ముల్లు ఆగినచోట పైకొన అనుకుంటే పొరపాటు. పైకి వచ్చేటప్పుడు కొనకు రెండు మిల్లీమీటర్ల కింద ఒక గీత పెట్టి, కొన దాటి కిందికి దిగేటప్పుడు మళ్ళీ అదే రెండు మిల్లీమీటర్ల దగ్గర మరో గీత పెట్టి, ఆ రెండింటి నడిమి బిందువు తీసుకోవాలి. అదే నిజమైన పైకొన.

అలా చూస్తే, పిస్టన్ పైకొనలో ఉన్నప్పుడు కేసు మీది గీతకు ఎదురుగా ఉండవలసిన గుర్తు, చక్రం తిరిగే దిశలో 7 మిల్లీమీటర్లకు పైగా ముందుకు పోయి ఉంది. ఆ చక్రం వ్యాసం 110 మిల్లీమీటర్లు. అంత చక్రం అంచున ఒక డిగ్రీ అంటే ఇంచుమించు ఒక మిల్లీమీటరు. అంటే రవ్వ ఏడున్నర డిగ్రీలు ముందుగా పడుతోంది.

పుల్లర్ పెట్టి మాగ్నెట్ లాగాం. షాఫ్టు కొనలో ఉండే అర్ధచంద్రాకారపు చిన్న ఇనుప బిళ్ళ, మనవాళ్ళు హాఫ్ మూన్ కీ అంటారు, సగం తెగి మెట్టులా తయారైంది. ఆ చోట షాఫ్టు వ్యాసం 15 మిల్లీమీటర్లు. అక్కడ ఒక్క మిల్లీమీటరు జరిగితే ఏడున్నర డిగ్రీలు. లెక్క సరిపోయింది. చాలా చిన్న జరుగుడు అది.

ఆ కీ ఎందుకు తెగింది? కీ బలహీనమైనదని చాలామంది మరింత గట్టి ఇనుముతో చేయించి పెడతారు. అది మందు కాదు. మాగ్నెట్‌ను షాఫ్టుకు పట్టి ఉంచేది కీ కాదు, ఏటవాలుగా చెక్కిన టేపర్. లోపలి టేపరూ బయటి టేపరూ ఒకదానిలో ఒకటి నిండుగా కూర్చుంటే, నట్టు బిగుతుకు ఆ రెండు ముఖాల మధ్య పుట్టే రాపిడే భారమంతా మోస్తుంది. కీ ఉన్నది బిగించేటప్పుడు సరైన చోటు చూపించడానికి మాత్రమే. కీ తెగిందంటే టేపర్ పట్టు తప్పిందని అర్థం.

ఈ బండిలో జరిగింది అదే. బరువు తగ్గించడానికి మాగ్నెట్‌ను ఒక వర్క్‌షాపులో లేత్ మీద చెక్కించారు. తిరిగి బిగించినవారు టేపర్ మీది నూనె తుడవలేదు, నట్టుకు టార్క్ రెంచ్ వాడలేదు. టేపర్ మీద అక్కడక్కడ మాత్రమే రాసుకున్న మెరుపు మచ్చలున్నాయి. ఎక్కువ భాగం ఒకదానికొకటి తగలడమే లేదు.

మాగ్నెట్ ఏ దిశకు జరిగిందో చూస్తే ఎప్పుడు జరిగిందో కూడా చెప్పవచ్చు. క్రాంక్ షాఫ్టు ఒక్కసారి ఆగబోతే, వేగంలో ఉన్న మాగ్నెట్ ముందుకు జారుతుంది, రవ్వ తొందరపడుతుంది. షాఫ్టు ఒక్కసారి ఎగబాకితే మాగ్నెట్ వెనుకబడుతుంది, రవ్వ ఆలస్యమవుతుంది. ఈ బండి నిలబడిన చోట ఎక్కువ వేగంతో ఇంజను తిప్పుతూ క్లచ్ ఒక్కసారిగా వదిలినప్పుడు, చక్రం బరువంతా షాఫ్టు మీద పడి అది కుదుపుతో మందగించింది. మాగ్నెట్ ముందుకు జారింది. అతడు చెప్పిన ఆ మూడోసారి కుదుపు అదే. గేరు జారి ఇంజను ఒక్కసారి అరిచి ఉంటే, జరుగుడు అటువైపు ఉండేది.

మరి అతడన్నట్టు ల్యాప్‌టాప్‌లో ఎనిమిది డిగ్రీలు తగ్గిస్తే సరిపోదా అంటారేమో. ఆ పూటకు బండి చక్కగానే నడుస్తుంది. ఆపద అక్కడే ఉంది. పట్టు తప్పిన టేపర్ అలాగే ఉంటుంది. మరో నాలుగు స్టార్టింగుల తరువాత మిగిలిన సగం కీ కూడా తెగుతుంది. అప్పుడు జరిగేది ఏడు డిగ్రీలా, డెబ్బై డిగ్రీలా ఎవరూ చెప్పలేరు, పైగా అది గంటకు నూరు కిలోమీటర్లు దాటిన వేగంలో జరగవచ్చు. కారణం తెలియకుండా లెక్క సర్దితే లోపం పోదు, కనిపించకుండా పోతుంది. నేను అతనికి చెప్పిన మాట ఇదొక్కటే. "నాయనా, టైమింగ్ తనంతట తాను మారదు. ఏదో ఒక వస్తువు జరిగితేనే మారుతుంది. జరిగిన వస్తువు చేతికి దొరికేదాకా సర్దుబాటు చేయవద్దు."

తరువాతి పని మామూలే. పిస్టన్ విప్పి చూస్తే అంచున చీమలు కొరికినట్టు గుంటలు పడ్డాయి. కొత్త పిస్టన్ వేశాం. కీ తీసేసి, సన్నరకం గ్రైండింగ్ పేస్టుతో మాగ్నెట్‌నూ షాఫ్టునూ ఒకదానిపై ఒకటి ఓపికగా రుద్దాం. పేస్టు ఆయిల్ సీలులోకి పోకుండా గుడ్డ చుట్టాం. పేస్టంతా తుడిచి, నీలం రంగు పూసి అద్ది చూస్తే టేపర్ చుట్టూ రంగు సమంగా అంటింది. పూర్తిగా కడిగి, పొడిగా తుడిచి, కొత్త కీ పెట్టి, టార్క్ రెంచ్‌తో బిగించాం. మళ్ళీ డయల్ గేజ్ పెట్టి పైకొనకూ గుర్తుకూ పొంతన చూసుకొన్న తరువాతనే టైమింగ్ లైటు వేశాం. మిత్రుడు ఆ రెండు రోజులూ కుర్చీ వేసుకొని పక్కనే కూర్చున్నారు. మొదట ఊరకే చూశారు, తరువాత గుడ్డ అందించారు, చివరికి మనుమడికి నట్టు బిగుతు కొలత చదివి చెప్పారు. కుర్రవాడు పోటీకి వెళ్ళాడు. మొదటి మూడు స్థానాలలో రాలేదు. ఇంజనూ, మనిషీ క్షేమంగా తిరిగి వచ్చారు. తాతా మనుమల మధ్య మాటలు కూడా తిరిగి వచ్చాయి.

ఈ ఉదాహరణ నుంచి అన్ని ఇంజన్లకూ పనికివచ్చే వరుస ఒకటి చెబుతాను. పిల్లలు రాసుకోవచ్చు.

మొదటిది, అడగడం. లోపం నెమ్మదిగా వచ్చిందా, ఒక్కసారిగా వచ్చిందా? నెమ్మదిగా వస్తే అది అరుగుడు. పాత డిస్ట్రిబ్యూటర్లలో కాంటాక్ట్ పాయింట్ల మడమ అరిగి సందు తగ్గినకొద్దీ రవ్వ ఆలస్యమయ్యేది. ఒక్కసారిగా వస్తే ఏదో తెగింది, జారింది, లేదా విడిపోయింది. లోపం రావడానికి ముందు చివరిసారి ఎవరు, ఏ భాగం విప్పారో కూడా అడగాలి.

రెండవది, ఏమీ కదపకుండా కొలవడం. టైమింగ్ లైటులో గీత పక్కకు జరిగి స్థిరంగా ఉంటే బిగించిన భాగం ఏదో జరిగింది. గీత అటూ ఇటూ గెంతుతుంటే బేరింగులో ఆట, వదులైన పళ్ళెం, లేదా పల్సర్ కాయిల్ వైర్లలో లోపం. నిలకడగా ఉన్నా వేగం పెంచినప్పుడు ముందుకు పోవలసిన గీత పోకపోతే, పాతవాటిలో అడ్వాన్సు గుండ్లూ స్ప్రింగులూ, కొత్తవాటిలో యూనిట్.

మూడవది, గుర్తునే పరీక్షించడం. గీత సరిగ్గా ఉన్నా ఇంజను బాధపడుతుంటే, పిస్టన్ పైకొనను విడిగా కనుక్కొని గీతతో పోల్చాలి.

నాలుగవది, తెగిన భాగం దొరికాక అది ఎందుకు తెగిందో దొరికేదాకా ఆగకపోవడం.

కార్లలో కూడా ఈ మూడవ మెట్టే చాలామంది మరచిపోతారు. చాలా ఇంజన్లలో క్రాంక్ పుల్లీకి లోపల ఒక భాగం, బయట ఒక వలయం, మధ్యన రబ్బరు ఉంటాయి. రబ్బరు పట్టు విడిచి బయటి వలయం జారితే, దాని మీది గీత కూడా జారుతుంది. ఇక్కడ కథ తలకిందులు. టైమింగ్ నిజానికి సరిగ్గానే ఉంటుంది, లైటు మాత్రం తప్పు చూపిస్తుంది. దాన్ని నమ్మి డిస్ట్రిబ్యూటర్ తిప్పినవారు బాగున్న ఇంజనును చేజేతులా పాడు చేస్తారు. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది కనుక దాన్ని ఒక డిగ్రీ తిప్పితే ఇంజనులో రెండు డిగ్రీలు మారుతుందని కూడా గుర్తుంచుకోవాలి. డిస్ట్రిబ్యూటర్ గేరు పిన్ను తెగడం, టైమింగ్ చెయిను లేదా బెల్టు ఒక పన్ను దాటడం కూడా ఒక్కసారిగా వచ్చే లోపాలే. అమెరికా డ్రాగ్ కార్లలో చెయిను ఆటనూ గేర్ల ఆటనూ తప్పించుకోవడానికి, కబురు అందించే చక్రాన్ని నేరుగా క్రాంక్ కొనకే బిగిస్తారు. వారి అగ్రశ్రేణి టాప్ ఫ్యూయల్ ఇంజన్లలో ఒక్కొక్క సిలిండరుకు రెండేసి ప్లగ్గులు, ఇంజనుకు రెండు మాగ్నెటోలు ఉంటాయి. ఒక సిలిండరులో రవ్వ పడకపోతే కాలని ఇంధనం ద్రవంగా నిండి ఇంజనే బద్దలవుతుంది.

ఇక విద్యుత్ వాహనాల కాలం వచ్చింది కదా, ఈ విద్య ఎందుకు అని అడగవచ్చు. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. ఆ కార్లలో ప్లగ్గూ లేదు, రవ్వా లేదు. కాని విద్యుత్ మోటారుకు కూడా లోపలి రోటరు ఏ కోణంలో ఉందో చెప్పే సెన్సారు ఉంటుంది. ఆ సెన్సారు తన చోటు నుంచి జరిగితే కరెంటు తప్పు వేళకు అందుతుంది, లాగుడు తగ్గుతుంది, మోటారు వేడెక్కుతుంది. రవ్వ పోయినా వేళ పోలేదు. ఆ అద్దాల మేడలలోని పిల్లలకు ఈ సూత్రం కంప్యూటరు పనిలో కూడా పనికివస్తుందని మిత్రుని మనుమడే నాతో అన్నాడు.

ముగించే ముందు రెండు జాగ్రత్తలు. ఇంజను నడిచేటప్పుడు ప్లగ్గు వైరు ఊడదీసి రవ్వ చూడవద్దు. సి.డి.ఐ. యూనిట్ పాడవుతుంది, షాకు బలంగా తగులుతుంది, దగ్గర పెట్రోలు ఉంటే మంటలే. మనలో గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవారు నడుస్తున్న ఇంజను ఇగ్నిషన్ దగ్గరకు అసలు వంగవద్దు.

రెండవది పిల్లల విషయం. వెడల్పైన ఖాళీ రోడ్డు అర్ధరాత్రి కనిపిస్తే కుర్రతనానికి అది ట్రాకులా తోస్తుంది. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం రోడ్డు మీద పందెం నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బండి నడిపి నేరం చేసినవాడు మైనరైతే 199ఏ సెక్షను కింద సంరక్షకుడు లేదా బండి యజమాని మూడేళ్ళ వరకు జైలుకూ, 25,000 రూపాయల జరిమానాకూ గురికావచ్చు. మనుమడి ముచ్చట తీర్చాలని తాతగారి పేరున బండి కొన్నవారు ఈ మాట జ్ఞాపకం ఉంచుకోవాలి.

అయితే కట్టడి ఒక్కటే చాలదు. పిల్లవాడికి ఆసక్తి ఉంటే వాడి షెడ్డులో ఒక కుర్చీ వేసుకొని కూర్చోండి. గుడ్డ అందించండి, కొలత చదివి చెప్పండి. వాడి చేతిలో ల్యాప్‌టాప్ ఉంది, మన చేతిలో డయల్ గేజ్ ఉంది. రెండూ కలిసినప్పుడే ఆ ఇంజనులో జరిగినది బయటపడింది.

 భోజనాల వేళ అయింది. వంటవారు మాత్రం టైమింగ్ తప్పలేదని వాసనే చెబుతోంది. సెలవు. నమస్కారం.